44 గెలుపులు, 45 ఓటములు: 2021 జులైలో అట్లాంటా బ్రేవ్స్ లెక్క

2021 జులై 10 సాయంత్రం మయామీలో, ఐదో ఇన్నింగ్స్‌లో, జాజ్ చిజమ్ కొట్టిన బంతి కుడివైపు గోడ మీదికి దూసుకుపోయింది. దాని వెంట పరుగెత్తిన, అమెరికా బేస్‌బాల్ జట్టు అట్లాంటా బ్రేవ్స్ రైట్ ఫీల్డర్ రొనాల్డ్ అకూన్యా జూనియర్ గోడ ముందు ఎగిరాడు. బంతి అందలేదు, కిందికి దిగేటప్పుడు కుడికాలు సరిగా ఆనలేదు. లేచి నడవబోయి మళ్లీ గడ్డిమీద కూలబడ్డాడు. ఈలోగా బ్యాటర్ నాలుగు బేస్‌లూ చుట్టి వచ్చేశాడు. అకూన్యాను బండి మీద మైదానం బయటికి తీసుకెళ్లారు. మోకాలిని పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగిందనీ, ఆ ఏడాదికి అతని ఆట ముగిసినట్టేననీ ఆ తర్వాత తేలింది. ఆ మ్యాచ్‌ను బ్రేవ్స్ 5-4తో గెలిచారు, మర్నాడు ఓడిపోయారు. ఆ ఓటమితో 44 గెలుపులు, 45 ఓటములతో జట్టు సీజన్ మధ్యలో వచ్చే ఆల్‌స్టార్ విరామంలోకి వెళ్లింది.

మేజర్ లీగ్‌లోని రెండు లీగ్‌లలో ఒకటైన నేషనల్ లీగ్ తూర్పు విభాగంలో అప్పటికి న్యూయార్క్ మెట్స్ 47 గెలుపులు, 40 ఓటములతో ముందుంది. బ్రేవ్స్ నాలుగు మ్యాచ్‌ల వెనక, మూడో స్థానంలో ఉన్నారు. అంతకు ముందు వరుసగా మూడేళ్లు ఆ విభాగాన్ని గెలిచిన జట్టు అది. 2020లో నేషనల్ లీగ్ ఫైనల్ సిరీస్‌లో లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ మీద 3-1 ఆధిక్యం సాధించి, ఆ తర్వాత మూడు మ్యాచ్‌లూ ఓడి, టైటిల్ తేల్చే ప్రపంచ సిరీస్ గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగింది. చివరిసారి టైటిల్ గెలిచింది 1995లో. ఇంత చరిత్రను మోస్తున్న అభిమానికి 44-45 అనే అంకె ఆ జులైలో ఎంత బరువుగా తోచిందో ఊహించుకోవచ్చు. అయితే ఆ అంకె ఎంత నిజమైనదో, జట్టు సత్తాను కొలవడానికి అంత చాలనిది. ఆ జట్టు అన్నిచోట్లా కొంచెం కొంచెం బలహీనంగా లేదు. ఒక్కచోట పూర్తిగా చిల్లుపడి, మిగతాచోట్ల గట్టిగా ఉంది. సగం సీజన్ దగ్గర ఆగి చూసేవారు మొదట పట్టుకోవలసింది ఈ తేడానే.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలంటారు. బేస్‌బాల్‌లో ఆ పరీక్ష పనికిరాదు. మేజర్ లీగ్‌లో ఒక్కో జట్టు ఆరు నెలల్లో 162 మ్యాచ్‌లు ఆడుతుంది, దాదాపు రోజూ ఆటే. ఎంత గొప్ప జట్టయినా అందులో 45కి పైగా ఓడిపోతుంది, ఎంత నాసి జట్టయినా ఓ 40 గెలుస్తుంది. ఐపీఎల్‌లో వరుసగా నాలుగు ఓడితే ప్లేఆఫ్ అవకాశాలు సన్నగిల్లుతాయి. ఇక్కడ మాత్రం నాలుగు ఓటములు ఒక వారం సంగతి. 2021 సీజన్‌ను బ్రేవ్స్ మొదలుపెట్టిందే నాలుగు వరుస ఓటములతో. అందుకే ఒక మ్యాచో, ఒక వారమో చూసి తీర్పు చెప్పడం కుదరదు. అలాగని 89 మ్యాచ్‌లు ఆడాక కూడా ఇంకా తొందరేముందిలే అని కూర్చోవడమూ కుదరదు, ఎందుకంటే జులై 30న ఆటగాళ్ల మార్పిడికి గడువు ముగుస్తుంది. ఆ రోజులోగా యాజమాన్యం బలం పెంచుకోవాలో, ఉన్నవారిని వదులుకొని వచ్చే ఏళ్లకు కుర్రాళ్లను సంపాదించుకోవాలో తేల్చుకోవాలి. సగం సీజన్ అంచనాకు ఇంత విలువ ఉండేది ఈ గడువు వల్లే.

గెలుపు ఓటముల పట్టిక పక్కనే ఇంకో లెక్క ఉంటుంది. చేసిన పరుగులెన్ని, ఇచ్చిన పరుగులెన్ని అన్నది. విరామం నాటికి బ్రేవ్స్ గెలుపుల కంటే ఓటములే ఎక్కువగా మూటగట్టుకున్నారు గానీ, ఇచ్చిన పరుగుల కంటే చేసిన పరుగులే ఎక్కువ. అంటే గెలిచినప్పుడు భారీగా గెలుస్తూ, ఓడినప్పుడు స్వల్ప తేడాతో ఓడుతున్నారన్నమాట. బేస్‌బాల్ గణాంకాలకు కొత్త దారి చూపిన బిల్ జేమ్స్ దీనికొక సూత్రం చెప్పాడు: చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం కలిపిన మొత్తంతో భాగిస్తే, జట్టుకు న్యాయంగా దక్కవలసిన గెలుపుల నిష్పత్తి వస్తుంది. ఆ సీజన్ ముగిసేనాటికి బ్రేవ్స్ 790 పరుగులు చేసి 656 ఇచ్చారు. సూత్రం ప్రకారం వారు ఆడిన 161 మ్యాచ్‌లలో సుమారు 95 గెలవాలి. గెలిచినవి 88. ఆ ఏడు గెలుపుల లోటు ఆటలోని బలహీనత వల్ల వచ్చిందా, కాలం కలిసిరాక వచ్చిందా అని ఎంతైనా వాదించవచ్చు. కానీ సగటు స్థాయి జట్టు 134 పరుగుల మిగులు చూపించదన్నది మాత్రం వాదనకు అందని విషయం.

జట్టు బలం ఎక్కడుందో చూడాలంటే ఇన్‌ఫీల్డ్ వైపు చూడాలి. మొదటి బేస్ దగ్గర ఫ్రెడ్డీ ఫ్రీమన్, రెండో బేస్ దగ్గర ఆజీ ఆల్బీస్, రెండో, మూడో బేస్‌ల మధ్య షార్ట్‌స్టాప్‌గా డాన్స్‌బీ స్వాన్సన్, మూడో బేస్ దగ్గర ఆస్టిన్ రైలీ. గాయాలు జట్టును కుదిపేసిన ఆ ఏడాదిలో ఈ నలుగురూ దాదాపు ప్రతిరోజూ మైదానంలో ఉన్నారు. 2020లో లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా నిలిచిన ఫ్రీమన్ 2021 మొదటి వారాల్లో తేలిపోయాడు. బంతిని గట్టిగానే కొడుతున్నా అది నేరుగా ఫీల్డర్ల చేతుల్లోకే పోతుండేది. పదేళ్లుగా అతని ఆట చూస్తున్నవారికి అది సత్తా తగ్గడం కాదని తెలుసు. చివరికి 0.300 సగటుతో, అంటే పదిసార్లు బ్యాట్ పడితే మూడు హిట్లతో, 31 హోమ్ రన్‌లతో ఏడాది ముగించాడు. మూడో బేస్ దగ్గర అప్పటిదాకా నిలకడ లేదనిపించుకున్న రైలీ ఆ ఏడే పూర్తిస్థాయి బ్యాటర్‌గా ఎదిగి 33 హోమ్ రన్‌లు కొట్టాడు. ఆల్బీస్ 30, స్వాన్సన్ 27. ఒక జట్టు ఇన్‌ఫీల్డర్లు నలుగురూ ఒకే సీజన్‌లో 25కు తగ్గకుండా కొట్టడం అంతకు ముందు 2008లో ఫ్లోరిడా మార్లిన్స్ విషయంలో మాత్రమే జరిగింది. జులైలో ఈ చివరి అంకెలు ఎవరి చేతిలోనూ లేవు, నిజమే. కానీ నలుగురూ ఆరోగ్యంగా ఉన్నారనీ, నలుగురూ ఇరవైల్లోనో ముప్పై దాటిన కొత్తలోనో ఉన్నారనీ, దిగజారే వయసు కాదనీ అప్పటికే అందరికీ తెలిసిన సంగతే.

బంతి విసిరే పిచ్చింగ్‌లోనూ పైకి కనిపించే సగటు, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చిన పరుగుల లెక్క, లోపలి నిజాన్ని కొంత దాచింది. మ్యాక్స్ ఫ్రీడ్ ఏప్రిల్‌లో మొదటి మూడు మ్యాచ్‌లలో రెండింట చావుదెబ్బలు తిని, తొడ కండరం పట్టేయడంతో పక్కకు తప్పుకున్నాడు. తిరిగి వచ్చాక అతను మెల్లగా పాత ఫ్రీడ్ అయ్యాడు. కానీ ఆ మూడు మ్యాచ్‌లలో ఇచ్చిన పరుగులు సగటులో కూర్చొని నెలలపాటు కదలలేదు. ఇటువంటప్పుడు ఆటగాడి మొత్తం సగటు చూడకుండా, చివరి పది మ్యాచ్‌లు చూడాలి. ముప్పై ఏడేళ్ల చార్లీ మోర్టన్ ఏడాది ఒప్పందం మీద వచ్చి కుర్రాళ్లతో సమానంగా బంతి తిప్పుతున్నాడు. ఇయన్ ఆండర్సన్ భుజం నొప్పితో విరామానికి ముందే ఆగినా, శస్త్రచికిత్స అవసరమైన గాయం కాదు. అసలైన దెబ్బ మైక్ సొరోకాది. 2020లో తెగిన అకిలిస్ స్నాయువు 2021 జూన్‌లో, మైదానంలో కూడా కాదు, నడుస్తుండగా మళ్లీ తెగిపోయింది. ఇరవై మూడేళ్ల కుర్రాడికి, అదీ ఇరవై రెండేళ్లు నిండకముందే ఆల్‌స్టార్ జట్టుకు ఎంపికైనవాడికి, ఇలా జరగడం చూసి కలుక్కుమనని అభిమాని లేడు.

ఇక చిల్లు సంగతి. అది గోడ వైపు ముగ్గురు నిలబడే అవుట్‌ఫీల్డ్‌లో. మే నెలలో బోస్టన్‌లో మూడో బేస్‌లోకి జారుతూ లెఫ్ట్ ఫీల్డర్ మార్సెల్ ఒజూనా చేతివేళ్లు విరగ్గొట్టుకున్నాడు, ఆ సీజన్‌లో మళ్లీ బ్యాట్ పట్టలేదు. సెంటర్ ఫీల్డ్‌లో ఎన్నో ఆశలు పెట్టుకున్న క్రిస్టియన్ పాచే 0.111 సగటుతో, అంటే తొమ్మిది సార్లు బ్యాట్ పడితే ఒక్క హిట్‌తో, చిన్న లీగ్‌కు తిరిగి వెళ్లాడు. అక్కడే ఏళ్ల తరబడి ఆడిన ఎండర్ ఇన్సియార్తేను జులైలో జట్టు వదిలేసింది. బ్యాటర్ వెనక బంతి అందుకునే క్యాచర్ ట్రావిస్ డార్నో మే మొదటి రోజునే బొటనవేలి లిగమెంట్ తెగి దూరమయ్యాడు. ఇవన్నీ భరించిన జట్టుకు జులై 10న అకూన్యా కూడా పోవడం గోరుచుట్టు మీద రోకటిపోటు. 82 మ్యాచ్‌లలో 24 హోమ్ రన్‌లు కొట్టి, 17 బేస్‌లు దొంగిలించిన, అంటే బ్యాటర్ బంతి కొట్టకుండానే పరుగెత్తి తర్వాతి బేస్ చేరిన, ఆటగాడు అతను. సీజన్ మొదటిరోజు అవుట్‌ఫీల్డ్‌లో నిలబడ్డ ముగ్గురిలో ఒక్కరూ విరామం నాటికి మిగలలేదు. వారి స్థానాల్లో ఎక్కడ ఎవరిని నిలబెట్టాలో తెలియక, షార్ట్‌స్టాప్ ఆడే మనిషిని సైతం లెఫ్ట్ ఫీల్డ్‌కు పంపిన రోజులున్నాయి.

మామూలు చూపుకు ఇది జట్టు పని అయిపోయిందనడానికి రుజువు. లెక్కల చూపుకు దీని అర్థం వేరు. సగటు ఆటగాణ్ని తీసి మేటి ఆటగాణ్ని పెట్టడం చాలా ఖరీదైన పని, దానికి జట్టు భవిష్యత్తులో సగం ఇచ్చేయాల్సి వస్తుంది. అట్టడుగు స్థాయి ఆటగాణ్ని తీసి సగటు ఆటగాణ్ని పెట్టడం చౌక, కానీ లాభం దాదాపు అంతే. మిగిలిన రెండున్నర నెలల్లో ఒక స్థానం నుంచి బ్యాట్ పట్టే అవకాశాలు సుమారు 270 వస్తాయనుకుంటే, వందకు ఎనిమిదిసార్లు ఎక్కువగా బేస్ చేరగలిగే ఆటగాడు ఒక్కడొస్తే అది 20కి పైగా అదనపు అవకాశాలవుతుంది. మూడు స్థానాలకు కలిపి 60 దాటుతుంది. దానికి హోమ్ రన్ బలం తోడైతే ముప్పై నలభై పరుగుల తేడా వస్తుంది. సుమారు పది పరుగుల తేడా ఒక గెలుపుకు సమానమని బేస్‌బాల్‌లో వాడుకలో ఉన్న అంచనా. నాలుగు మ్యాచ్‌ల వెనక ఉన్న జట్టుకు నాలుగు గెలుపులు ఎక్కడ దొరుకుతాయో వెతకడానికి దూరం పోనక్కర్లేదు. చిల్లు ఉన్నచోటే ఉన్నాయి. అన్ని స్థానాల్లోనూ నడిమిరకం ఆటగాళ్లే ఉన్న జట్టుకైతే ఈ సౌలభ్యం ఉండదు, ఎక్కడ అతుకు వేయాలో దానికి తెలియదు.

ఎదుటివాళ్లను చూడకుండా వేసే అంచనా సగం అంచనాయే. ఆ ఏడాది తూర్పు విభాగంలో ఎవరూ దూసుకుపోలేదు. 47-40 అంటే మెరుగైన రికార్డే గానీ, అందరాని ఎత్తు కాదు. మెట్స్ బ్యాటింగ్ మొదటి నుంచీ నీరసంగానే ఉంది, ఆ జట్టును ముందు నిలిపింది జేకబ్ డెగ్రామ్ చెయ్యి. 15 మ్యాచ్‌లలో తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.08 పరుగులు మాత్రమే ఇచ్చిన ఆ పిచ్చర్, జులై 7 తర్వాత ఆ సీజన్‌లో మళ్లీ బంతి పట్టలేదు. ఫిలడెల్ఫియాలో బ్రైస్ హార్పర్ ఉన్నాడు, కానీ ఆ జట్టు బుల్‌పెన్, అంటే మొదటి పిచ్చర్ తర్వాత వచ్చే పిచ్చర్ల దళం, ఏ ఆధిక్యాన్నీ నిలుపుకోలేకపోతోంది. అదే ఏడాది పశ్చిమ విభాగంలో శాన్ ఫ్రాన్సిస్కో 107, లాస్ ఏంజెలిస్ 106 మ్యాచ్‌లు గెలిచాయి. 44-45తో బ్రేవ్స్ అక్కడ ఉండి ఉంటే ఆశ పెట్టుకోవడం అవివేకమే అయ్యేది. ఒకే అంకె ఒకచోట ముగింపు, ఇంకోచోట అవకాశం.

ఎదురు వాదనను తేలిగ్గా తీసిపారేయకూడదు. ఆ జట్టు ఏప్రిల్ నుంచి ఒక్కరోజు కూడా గెలుపుల సంఖ్యను ఓటముల సంఖ్యకు పైన చూడలేదు. విరామం తర్వాత రెండు వారాలకు పైగా ఒక మ్యాచ్ గెలవడం, మరుసటిది ఓడటం, మళ్లీ గెలవడం, మళ్లీ ఓడటం, అడుగు ముందుకు పడితే ఇంకో అడుగు వెనక్కి పడటంగానే గడిచింది. ఫ్రీమన్ ఒప్పందం ఆ ఏడాదితోనే ముగుస్తోంది. మోర్టన్‌నో, చివరి ఇన్నింగ్స్ వేసే విల్ స్మిత్‌నో గెలుపు వేటలో ఉన్న జట్టుకు ఇచ్చి, ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లను తెచ్చుకోవడం మంచిదన్న మాట తెలివితక్కువదేమీ కాదు. అకూన్యా లేకుండా అక్టోబరు ప్లేఆఫ్‌లు ఎందుకన్న ప్రశ్న అభిమానుల నోట కూడా వినిపించింది. ఆ వాదనలోని లోపం ఒక్కటే, అది అకూన్యా లేని లోటును అకూన్యాతోనే పూడ్చాలని అనుకుంది.

జనరల్ మేనేజర్ అలెక్స్ ఆంథోపోలస్ అలా అనుకోలేదు. గాయమైన అయిదో రోజునే, జులై 15న, చికాగో కబ్స్ నుంచి జాక్ పీడర్సన్‌ను తెచ్చాడు. జులై 30న ఒక్కరోజులో మరో ముగ్గురు అవుట్‌ఫీల్డర్లు వచ్చారు: మయామీ నుంచి ఆడమ్ డువాల్, కేన్సస్ సిటీ నుంచి హోర్హే సోలేర్, క్లీవ్‌లాండ్ నుంచి ఎడ్డీ రొసారియో. ఎవరి మీదా ఆ రోజు పెద్దగా చప్పట్లు మోగలేదు. సోలేర్ అప్పటికి 0.192 సగటుతో ఉన్నాడు, రొసారియో కడుపు కండరం గాయంతో ఆటకే దూరంగా ఉన్నాడు. రొసారియోకు బదులుగా ఇచ్చిన పాబ్లో సాండొవాల్‌ను క్లీవ్‌లాండ్ వెంటనే వదిలేసింది కూడా. అంటే ఆ ఆటగాడు దాదాపు ఉచితంగా వచ్చాడు. నలుగురి కోసం జట్టు తన ముఖ్యమైన కుర్రాళ్లలో ఒక్కణ్నీ పోగొట్టుకోలేదు. ఇక్కడ గమనించవలసింది ఎంపిక తీరు. సోలేర్ రెండేళ్ల కిందట అమెరికన్ లీగ్‌లో అందరికంటే ఎక్కువగా 48 హోమ్ రన్‌లు కొట్టినవాడు. డువాల్ అంతకు ముందు ఇదే జట్టులో ఆడి వెళ్లినవాడు, అతని బలాబలాలు అందరికీ తెలుసు. పాచే సగటును చూసి బెంబేలెత్తిన కళ్లతోనే సోలేర్ సగటునూ చూస్తే అతను పనికిరాడనిపిస్తుంది. కానీ ఒకరి వెనక మేజర్ లీగ్‌లో నిరూపించుకున్న ఏళ్లున్నాయి, ఇంకొకరికి ఇంకా లేవు.

జులై లెక్కకు అందనిది బుల్‌పెన్. అభిమానుల కోపమంతా అప్పుడు దాని మీదే. ఏడో ఇన్నింగ్స్ దాటాక చేతిలోని మ్యాచ్ జారిపోవడం చాలాసార్లు చూశారు. ఎడమచేతి పిచ్చర్ ఏ.జె. మింటర్‌ను జులైలో గ్విన్నెట్‌లోని చిన్న లీగ్ జట్టుకు పంపించారు. అట్లాంటా ఉత్తర శివార్లలో, జాన్స్ క్రీక్, సువానీ, కమింగ్ ప్రాంతాల్లో స్థిరపడ్డ వేలాది తెలుగు కుటుంబాలకు లారెన్స్‌విల్ దగ్గరి ఆ మైదానం బ్రేవ్స్ మైదానం కంటే దగ్గర. పిల్లలతో మొదటిసారి బేస్‌బాల్ చూడటానికి అనువైన చోటు అది. అక్కడికి దిగి, లయ దొరకబుచ్చుకొని తిరిగివచ్చిన మింటర్ అక్టోబరులో కీలకమైన ఇన్నింగ్స్ వేశాడు. నేషనల్ లీగ్ ఫైనల్ సిరీస్‌లో డాడ్జర్స్‌తో ఆరో మ్యాచ్, ఏడో ఇన్నింగ్స్ ఇంకా పెద్ద ఉదాహరణ. రెండో, మూడో బేస్‌ల మీద ప్రత్యర్థులుండగా, ఒక్క అవుట్ కూడా పడని స్థితిలో టైలర్ మాట్జెక్ బంతి అందుకున్నాడు. ఆల్బర్ట్ పూహోల్స్, స్టీవెన్ సౌజా, మూకీ బెట్స్, ముగ్గురినీ వరుసగా, బంతి కొట్టనివ్వకుండానే, స్ట్రైకవుట్ చేశాడు, బెట్స్‌ను మూడే బంతుల్లో. కొన్నేళ్ల ముందు స్ట్రైక్ వేయడమే, అంటే బంతిని సరైన చోటికి విసరడమే, మరిచిపోయినట్టయి మేజర్ లీగ్‌కు దూరమైన పిచ్చర్ అతను. ఏ సగటు ఇది ముందే చెప్పగలదు?

ఆగస్టు 6న బ్రేవ్స్ ఆ సీజన్‌లో మొదటిసారి ఓటముల కంటే ఎక్కువ గెలుపులతో నిలిచారు. నెల సగానికల్లా విభాగంలో మొదటి స్థానం వారిదైంది. సెప్టెంబరు ఆఖరున ఫిలడెల్ఫియాను సొంతగడ్డ మీద మూడు మ్యాచ్‌లలోనూ ఓడించి, ఆ నెల 30న విభాగాన్ని ఖాయం చేసుకున్నారు. మెట్స్ 77-85కు దిగజారారు. 88 గెలుపులు ఆ ఏడాది ప్లేఆఫ్‌కు వెళ్లిన పది జట్లలో అతి తక్కువ. అయినా ప్లేఆఫ్ సిరీస్‌లలో మిల్వాకీ మీద 3-1, డాడ్జర్స్ మీద 4-2, హ్యూస్టన్ ఆస్ట్రోస్ మీద 4-2. డాడ్జర్స్ సిరీస్‌లో 14 హిట్లు కొట్టి రొసారియో ఉత్తమ ఆటగాడయ్యాడు. ప్రపంచ సిరీస్‌లో ఆ గౌరవం సోలేర్‌ది. నవంబరు 2న హ్యూస్టన్‌లో అతను కొట్టిన మూడు పరుగుల హోమ్ రన్ 446 అడుగులు ప్రయాణించి ఎడమవైపు గోడ, దాని మీది రైలు పట్టాలు దాటి స్టేడియం బయట పడింది. ఆ మ్యాచ్‌లో ఫ్రీడ్ ఆరు ఇన్నింగ్స్‌లలో ఒక్క పరుగూ ఇవ్వలేదు. 1977 నుంచి ఇదే సంస్థలో పనిచేస్తూ వచ్చిన మేనేజర్ బ్రయన్ స్నిట్కర్‌కు అది మొదటి ప్రపంచ టైటిల్.

ఇందులో జులైలోనే తెలుసుకోగలిగింది ఎంత, అదృష్టం ఎంత అన్నది వేరుచేసి చెప్పాలి. ఇన్‌ఫీల్డ్ నిలుస్తుందని, ఫ్రీడ్ సగటు అబద్ధమాడుతోందని, విభాగం గట్టిది కాదని, అవుట్‌ఫీల్డ్‌కు మామూలు ఆటగాళ్లు దొరికితే చాలని చెప్పడానికి ఆధారాలు ఆ విరామం రోజునే ఉన్నాయి. విభాగం గెలుపు దాకా ఆ లెక్క మోయగలదు. ఆరు మ్యాచ్‌లలో రొసారియో 14 హిట్లు కొట్టడం మాత్రం ఏ లెక్కలోంచీ రాదు. అక్టోబరులో ఓడి ఉన్నా జులై 30 నాటి నిర్ణయం సరైనదిగానే ఉండేది.

ఆ ఏడాది జనవరి 22న జట్టు మహామహుడు హాంక్ ఆరన్ 86 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. 755 హోమ్ రన్‌లు కొట్టిన మనిషి, జెర్సీ మీద వేసుకున్న అంకె 44. సీజన్ పొడుగునా అట్లాంటా మైదానంలో సెంటర్ ఫీల్డ్ గడ్డి మీద ఆ అంకె కనబడుతూనే ఉంది. విరామానికి ముందు బ్రేవ్స్ గెలిచినవి 44, ఓడినవి 45. విరామం తర్వాత గెలిచినవీ 44, ఓడినవి 28.